నేను వినని గొంతు

నలుగురి ముందు నిలబడి మాట్లాడటం నాకు నేర్పింది మా నాయన. నేర్పేనాటికి ఆయనకు గొంతు లేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో గుంటూరులో చదువు ముగించుకొని నరసరావుపేటలో హెల్త్ విజిటరుగా చేరాను. కాన్పులు చూడటం, పసిబిడ్డల బాగోగులు కనుక్కోవడం నాకు బాగానే వచ్చు. కానీ పల్లెలకు వెళ్ళి, జనాన్ని పోగుచేసి, కలరా గురించీ మశూచి గురించీ చెప్పాల్సి ఉంటుందని ఉద్యోగంలో చేరాక గాని తెలియలేదు.

మొదటి సభ నకరికల్లు దగ్గర ఒక పల్లెలో. శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు నన్ను చావిడి ముందు నిలబెట్టి పక్కకు తప్పుకున్నారు. ఆఫీసు వాళ్ళు అచ్చువేసిన కరపత్రం కంఠస్థం చేసుకొని వెళ్ళాను. "కలరా యనునది కలుషిత జలము వలన..." అనేసరికి నా మాట నాకే వినపడలేదు. కాళ్ళు వణుకుతున్నది చీర కుచ్చిళ్ళలో తెలిసిపోతుందేమోనని ఒకటే భయం.

"ఏందమ్మా, ఏం వినపడటంలా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఆడవాళ్ళు పైట చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మిగతాదంతా నేలను చూస్తూ గబగబా అప్పజెప్పి కూర్చున్నాను.

తిరుగు దారిలో ఇన్‌స్పెక్టరు గారు, "మీరు సూదులు వేయండమ్మా, చాలు. మాటల సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. కోప్పడినా బాగుండేది. ఆయన ఎంతో దయగా అన్నారు.

మా నాయన చర్చి బోధకుడు. పల్నాడులో చానా ఊళ్ళలో ఆయన మాట కోసం జనం బళ్ళు కట్టుకొని వచ్చేవారని అందరూ చెప్పేవారు. నేను వినలేదు. చిన్నప్పుడే నన్ను గుంటూరు హాస్టల్లో వేశారు. సెలవుల్లో వచ్చినప్పుడు ప్రార్థన మొదలవ్వగానే అమ్మ ఒళ్ళో నిద్రపోయేదాన్ని. కాస్త పెద్దయ్యాక వస్తే ఆయన ఊళ్ళ మీద ఉండేవారు. నా చదువు పూర్తయ్యే లోపే ఆయన గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి ప్రాణం దక్కించారు గాని, ఊపిరితో కలిసి వచ్చే గుసగుస తప్ప ఏమీ మిగల్లేదు. బోధకుడి ఇల్లు ఖాళీచేసి, అమ్మతో పాటు నా దగ్గరకు వచ్చేశారు. పేట చివర, మిరపకాయలు ఆరబోసే కళ్ళం పక్కన మా అద్దె ఇల్లు.

ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చొని ఏడ్చాను. జరిగింది అమ్మకు చెప్పాను. నాయన అమ్మ నోట అదంతా విని, మర్నాడు సాయంత్రం నన్ను కళ్ళంలోకి తీసుకెళ్ళారు. నన్ను ఒక చివర నిలబెట్టి, తాను రెండో చివరకు వెళ్ళి గట్టుమీద కూర్చున్నారు. మాట స్పష్టంగా అందితే భుజం మీద కండువా పైకెత్తుతారు, లేకపోతే లేదు. ఎంత అరిచినా కండువా లేవలేదు. గొంతు బొంగురుపోయింది. అప్పుడు దగ్గరికి వచ్చారు. ఆయన మాట వినాలంటే నేను వంగి చెవి పెట్టాలి.

"అరవబాక తల్లీ. ఊపిరి నిండా తీసుకో. ఒక్క మాట చెప్పి ఆగు. అది నా దాకా వచ్చిందాక రెండోది చెప్పబాక."

మరో రోజు, "ఆ కాగితం భాష ఎవురిది? మీ అమ్మతో అట్టానే మాట్లాడతావా?" అన్నారు. ఇంకో రోజు, "ఊరందరికీ చెప్పాలనుకోబాక. ఎవురో ఒకళ్ళ మొహం చూసుకో. వాళ్ళకి చెప్పు. పక్కనోళ్ళు వాళ్ళే వింటారు" అన్నారు. మిరప ఘాటుకు ఆయనకు దగ్గు తెర వచ్చేది. అయినా సాయంత్రం కాగానే కండువా వేసుకొని నాకంటే ముందే బయల్దేరేవారు.

మరుసటి ఏడాది గురజాల వైపు ఒక పల్లెలో కలరా తగిలింది. బావిలో మందు కలపనివ్వడం లేదని కబురొచ్చింది. అది నాయన వయసులో ఉండగా పనిచేసిన ఊరు. తానూ వస్తానన్నారు. అమ్మ వద్దన్నా వినలేదు. పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సులో, అది ఎత్తు ఎక్కలేనప్పుడల్లా దిగి నడుస్తూ వెళ్ళాం.

బావి చుట్టూ జనం. "ఆ మందు కలిపితే ఆడోళ్ళకి బిడ్డలు పుట్టరంట!" అని ఒకాయన గిలక తాడు వదలడం లేదు. నాయన జనం వెనక గోడ నీడన కూర్చున్నారు. నాకెదురుగా ఒక ముసలమ్మ, ఆమె చంకలో మనవరాలు. ఆమె మొహమే చూశాను.

"అవ్వా, తెల్లారగట్ల ఈ బావిలో ముందు ఎవురు చేదుతారు?"

"నేనే. ఏం?"

"ఆ బిందె నీళ్ళు ముందు ఎవురు తాగుతారు?"

ఆమె చంకలోని పిల్లను చూసుకుంది. జనం దగ్గరికి జరిగారు. అప్పుడు చెప్పాను, ఒక్కొక్క మాటా ఆగి ఆగి. పక్క వీధిలో పోయిన మనుషుల బట్టలు ఏ గట్టు మీద ఉతికారో, ఆ నీళ్ళు ఎటు ఇంకాయో వాళ్ళచేతే చెప్పించాను. ఒక బిందె నీళ్ళలో మందు కలిపి, అందులోంచి గ్లాసు ముంచి వాళ్ళ ముందే తాగాను. "నాకింకా పెళ్ళికాలేదు. బిడ్డలు కావాలని నాకు మాత్రం ఉండదా?" అంటే ఆడవాళ్ళు పకపకా నవ్వారు. తాడు పట్టుకున్నాయన కూడా నవ్వి పక్కకు జరిగాడు.

పని అయ్యాక ఆ ముసలమ్మ గోడ వైపు చూసింది. మనవరాల్ని దించి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

"అయ్యగారూ! మీరేనా? ఎన్నేళ్ళయిందయ్యా మీ మాట విని! ఒక్క మాట చెప్పండయ్యా. మా ఊరికి ఒక్క ప్రార్థన చెయ్యండి."

చుట్టూ మూగినవాళ్ళలో పెద్దవాళ్ళు కొందరు చేతులు కట్టుకొని నిలబడ్డారు. నాయన లేచారు. నోరు తెరిచారు. పెదవులు కదిలాయి గాని గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు మీది మచ్చను వేలితో చూపించి, తర్వాత నన్ను చూపించారు. ముసలమ్మ ఆయన చేయి పట్టుకొని ఏడ్చింది. ఆయన కంట నీరు రాలేదు. ఆమె తల నిమురుతూ అలాగే నిలబడ్డారు.

బస్సులో నా చెవి దగ్గరకు వంగి, "వాళ్ళు నవ్వినాక కాస్త ఆగాల్సింది. తొందరపడ్డావు" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ పూట ఆయన నన్ను మెచ్చుకోలేదు. కానీ దారి పొడవునా నా భుజం మీద చేయి తీయలేదు. 'నువ్వయితే ఎట్టా చెప్పేవాడివి నాయనా' అని అడగాలని అప్పుడు తోచలేదు.

ఆ చలికాలంలోనే ఆయన పోయారు. గడ్డ తిరగబెట్టింది.

తర్వాత నేను చాలా సభల్లో మాట్లాడాను. ఇన్‌స్పెక్టరు గారే నన్ను ముందుకు తోసి తాను కుర్చీలో కూర్చునేవారు. పెద్ద డాక్టర్ల ముందు కూడా నా కాళ్ళు వణకలేదు. ఇంటికి వచ్చాక మాత్రం ఏదో వెలితి. నాయనను తలుచుకుంటే ఆ గుసగుసే చెవిలో వినిపిస్తుంది. అంతకుముందున్న గొంతును ఎంత వెతికినా దొరకదు. ఆయన బోధించిన పాతికేళ్ళూ ఆ గొంతును ఎవరెవరో విన్నారు, నేను తప్ప.

ఒకసారి పెదకూరపాడులో సభ అయిపోయాక ఒక ముసలి రైతు వచ్చి, "నువ్వు అయ్యగారి కూతురివంటగా" అన్నాడు. అరుగు మీద ఆయన పక్కన కూర్చొని, "తాతా, మా నాయన గొంతు ఎట్టా ఉండేది? ఒక్కసారి అట్టా అని చూపిస్తావా?" అని అడిగాను.

ఆయన చుట్ట పక్కన పెట్టాడు. కళ్ళు మూసుకొని గొంతు సవరించుకున్నాడు. "పరలోకమందున్న..." అని ప్రార్థన ఎత్తుకొని ఆగిపోయాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"రావటంలా తల్లీ. నాకు వినపడతానే ఉంది. నోటికే రావటంలా."

ఆయన కళ్ళు తెరవలేదు. ఆ గొంతును ఆయన వింటున్నంతసేపూ కదలకుండా పక్కనే కూర్చున్నాను.