నీలిమందు నీళ్లు

శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైన రెండేళ్లకు, దానికి దగ్గరలోని కొత్త కాలనీలో మేం ఇల్లు కట్టుకున్నాం. పంచాయతీకిచ్చిన ప్లానులో సెప్టిక్ ట్యాంకు, దాని పక్కన ఇంకుడు గుంత చక్కగా గీసి ఉన్నాయి. ట్యాంకు కట్టాక గుంత తవ్వబోతే నాలుగడుగులకే బండ పడింది.

"గీ బండ పగలాలంటే శాన దినాలైతది. పైపు ఎనక మోరీల కలిపేస్త. ఎవ్వలకు ఎర్కైతది?" అన్నాడు మేస్త్రీ.

గృహప్రవేశం దగ్గర పడింది. నా భర్త నావైపు చూశాడు. సరేనన్నది నేనే.

మా వెనక దిగువన ఒకామె పాలకూర, కొత్తిమీర పండించి ఆరాంఘర్‌లో అమ్ముకునేది. బడిలో పాఠాలు చెబుతానని నన్ను టీచరమ్మా అనేది. గోడ మీదుగా అప్పుడప్పుడు ఒక కట్ట అందించేది. రెండో వానాకాలం ఇళ్ల వెనక మురుగు పారే మోరీ పొంగి ఆమె మడిలోకి వచ్చింది. వాసన పట్టుకుని మోరీ గట్టు తవ్వితే మట్టిలో పూడ్చిన పైపు బయటపడింది. ఆమె పంచాయతీలో చెప్పుకుంది.

కార్యదర్శి వచ్చి మా వరుస ఇళ్లవాళ్లందరినీ పిలిచాడు. ట్యాంకు నీళ్లు మోరీలోకి వదలకూడదని తెలియదా, ఆ పైపు ఎవరిదని అడిగాడు. నేను మాట్లాడలేదు. ఆమె నా పక్కకొచ్చి నిలబడి, "టీచరమ్మది కాదు సార్. సదువుకున్నామె, గట్ల చెయ్యది. ఆ చివరింటోళ్లను అడుగుండ్రి" అంది. ఆ ఇంట్లో కిరాయికుండే ఆయన బిత్తరపోయాడు. అప్పుడైనా నోరు విప్పాల్సింది.

కార్యదర్శి ట్యాంకుల మూతలు తీయించి, నీలిమందు కలిపిన నీళ్లు బకెట్లకొద్దీ పోయించాడు. చివరింట్లో పోస్తే ఏమీ రాలేదు. మా ఇంట్లో పోసిన కాసేపటికి పైపులోంచి నీలం చార మోరీలోకి, అక్కడి నుంచి పాలకూర మొదళ్లలోకి పాకింది. ఆమె నా పక్కనుంచి జరిగిపోయింది.

నోటీసు చేతికిచ్చారు. చాలా రోజులు పడుతుందన్న బండ వారంలో పగిలింది. గుంత పూర్తయ్యాక ఆమె దగ్గరకు వెళ్లి తప్పయిందన్నాను. ఆమె పాడైన మడి దున్నించి, మట్టి ఎండబెడుతోంది.

"పైపు సంగతి గాదు టీచరమ్మా. నేను గట్ల మాట్లాడుతుంటే ఊకె నిలవడ్డవు సూడు. ఏ పాపం తెల్వనాయన మీద నాతోని నింద ఏయించినవు."

నీలం నీళ్లు బయటపడ్డ సాయంత్రమే ఆమె చివరింటికి వెళ్లి ఆయనకు దండం పెట్టి వచ్చిందట. నాకు ఆ గడప తొక్కే ధైర్యం రావడానికి నెల పట్టింది. అప్పటికి ఆయన ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు.