పుట్టిల్లు విమానం ఎక్కిన రోజు

హైదరాబాదు నుంచి ఢిల్లీకి విమానంలో రెండు గంటలని మా నాన్న చెప్పగానే, "గంతేనా! మన ఊరు ఇంద్రేశం కెళ్లి సంగారెడ్డికి పోయొచ్చినంత" అంది మా నానమ్మ ముత్యమ్మ. ఆమెకు దూరమంటే బస్సులో కూర్చునే సేపు, అంతే. మధ్యలో పన్నెండు వందల కిలోమీటర్లకు పైనే ఉందని నాన్న మొత్తుకున్నా వినలేదు. లెక్కల్లో నానమ్మకూ నాకూ మార్కులు ఒకటే.

అది 1998 జనవరి. ఢిల్లీలో కాపురమున్న మా మేనత్త అరుణమ్మకు తొలి కాన్పు. మా ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలి. నెల ముందే నొప్పులు వచ్చేలా ఉన్నాయని డాక్టరమ్మ ప్రయాణం వద్దని దవాఖానాలో చేర్చుకుంది. ఫోనులో అత్త ఒకటే ఏడుపు.

"నువ్వు రాకుంటె ఏంది బిడ్డా? పుట్టిల్లే నీ కాడికొస్తది. రేపు పగటి బువ్వ యాల్లకు ఆడుంట" అని నానమ్మ మాటిచ్చేసింది.

రైలైతే పగలూ రాత్రీ పడుతుంది. అందుకే, పటాన్‌చెరు బస్సులోనే కళ్లు తిరిగే ఆ మనిషి, తెల్లవారి బేగంపేటలో ఒంటరిగా విమానం ఎక్కింది.

విమానం మాట తప్పలేదు. ఢిల్లీలోనే పొగమంచు కమ్మింది. దిగే వీల్లేక జైపూర్‌లో దించారు. మళ్లీ ఎప్పుడు లేస్తుందో తెలియదన్నారు. నానమ్మ చీర కొంగు బిగించింది.

పక్క సీటులో వచ్చిన బాపిరాజు గారు కోస్తా ఆయన. "కూర్చోండమ్మా, మంచు విడిపోతుంది. రోడ్డు మీదైతే ఆరు గంటలు" అన్నాడు.

"ఎప్పుడు పోతదో గా మంచు నీకేమన్న జెప్పిందా అన్నా? బస్సయితే కదుల్తది గద!"

నానమ్మ మా ఊరి గుల్జార్ బేగంతో కూరగాయల బేరాలు చేసి నేర్చిన ఉర్దూ బయటికి తీసి, "భయ్యా, దిల్లీ బస్ కిదర్ మిల్తీ, జల్దీ బోలో!" అంటూ దారి అడుక్కుంటూ బస్టాండు పట్టింది. బాపిరాజు గారు కూడా సంచి భుజాన వేసుకుని ఆమె వెంట నడిచాడు. దారి పొడవునా నానమ్మకు వాంతులేనని, బస్సు ఆపమని మాత్రం ఒక్కసారీ అనలేదని తర్వాత ఆయనే చెప్పాడు.

దీపాలు పెట్టే వేళకు దవాఖానా చేరింది. నర్సు అడ్డుపడితే, "మై ఉస్కీ మా హూఁ" అని, తల్లినని చెప్పి ఆమె చేతి కింద నుంచే లోపలికి దూరింది. మంచం మీద అత్త నొప్పులతో బిక్కచచ్చి ఉంది.

"అమ్మా, వచ్చినవా? ఇమానం ఆగిందన్నరు గదనే!"

"అదాగింది గని నేనాగిన్నా?"

అత్త జడ విప్పి, నడుము రుద్దుతూ కూర్చుంది. కాసేపటికి మగపిల్లవాడు పుట్టాడు.

వాడు ఢిల్లీలో పుట్టాడని ఎవరన్నా నానమ్మ ఇప్పటికీ ఊరుకోదు. "తల్లిగారింట్లనే పుట్టిండు. నేను ఆడ్నే ఉన్న గద!" అంటుంది.