జెడ్ డ్రైవూ, గోడౌన్ గంటా

ఫోన్ ఎత్తకుండానే మాట్లాడుకున్న కాలం ఒకటుండేది. ఇప్పటివాళ్లకి చెబితే నవ్వుతారు గానీ, మా వైపు సగం కబుర్లు రింగుల మీదే నడిచేవి. బస్సు దిగి క్షేమంగా చేరామంటే ఒక రింగు, భోజనానికి వస్తున్నామంటే రెండు. అవతలివాడు పొరపాటున ఫోన్ ఎత్తేస్తే, వాడి తెలివితక్కువతనానికి ఇంటిల్లిపాదీ బాధపడేవాళ్లం. ఆ పద్ధతి మీద నాకు ఎంత నమ్మకమంటే, దాన్ని కంప్యూటర్ల కాలంలోకి కూడా మోసుకొచ్చాను. అందువల్ల నేను పడ్డ అగచాట్లూ, ఆ అగచాట్లలో నన్ను ఎవరెవరు ఏమేమన్నారో కూడా ఇవాళ్టికీ వరసపెట్టి చెప్పగలను. (నాకు ఎక్కాలు గుర్తులేవు గానీ, చిన్నప్పుడు పెళ్లి బంతిలో నాకు లడ్డూ వెయ్యకుండా వెళ్లిపోయిందెవరో గుర్తుందని మా అక్క అంటుంది. ఆ మాట అన్నదీ గుర్తుంది.)

మా బావకి ఆటోనగర్‌లో ట్రాక్టరు విడిభాగాల కొట్టు, ఉయ్యూరులో దానికో బ్రాంచి ఉండేవి. నేను డిగ్రీ అయ్యాక ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి, పటమటలో అక్కావాళ్లింట్లో ఉంటూ, బావ కొట్లో సిస్టమ్స్ ఇన్‌చార్జిని అయ్యాను. ఆ హోదా నేనే పెట్టుకున్నాను. బావ మాత్రం కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ "మా బామ్మర్దండీ, మీటలు నొక్కుతుంటాడు" అని పరిచయం చేసేవాడు. ఇది మొదటి అవమానం. ఉయ్యూరులో ఏ బేరింగు అడిగినా, అది ఆటోనగర్‌లో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోవాల్సి వచ్చేది. అప్పుడే బ్రాడ్‌బ్యాండు కొత్తగా వచ్చింది. నేను బావని కూర్చోబెట్టి వీపీఎన్ అంటే ఏమిటో చెప్పాను. "ఇంటర్నెట్టులోనే మనకి మాత్రమే దారి ఉన్న సొరంగం తవ్వుతాం బావా. అప్పుడు ఉయ్యూరు కంప్యూటర్లో జెడ్ అని ఒక డ్రైవు కనపడుతుంది. మన స్టాకు లిస్టు అందులో ఉంటుంది. అది ఉయ్యూరులో ఉన్నట్టే ఉంటుంది గానీ, నిజానికి అక్కడ ఉండదు." బావ తాపీగా తలూపాడు. "ఉన్నట్టే ఉంటుంది గానీ ఉండదు. అంటే మా కొట్లో నువ్వున్నట్టన్నమాట." ఇది రెండోది.

అయినా ఒప్పుకున్నాడు, కానీ ఒక మెలిక పెట్టి. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలైతే చెరుకు ట్రాక్టర్లు బారులు తీరతాయి, ఏ బండికి ఏది విరిగినా అందరూ మా బ్రాంచికే పరిగెత్తుకొస్తారు. "క్రషింగ్ మొదలయ్యే రోజు పొద్దున్నే నేనొచ్చి ఉయ్యూరులో కూర్చుంటా. ఆ రోజు నీ సొరంగం నిలబడిందా, నువ్వు సిస్టమ్స్ ఇన్‌చార్జివి. కూలిందా, వైర్లన్నీ పీకించి నిన్ను నట్లూ బోల్టుల కౌంటర్లో కూర్చోబెడతా" అన్నాడు. అక్క అత్తవారి బంధువులు పదిమంది వింటుండగా అన్నాడు. నేనూ వాళ్లందరి ముందే "చూస్తుండు బావా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఉయ్యూరు బ్రాంచిని చూసుకునేది భాయ్. యాభై దాటిన మనిషి. కళ్లు మూసుకుని బోల్టుని వేళ్లతో తడిమి సైజు చెప్పేవాడు. ఊరంతా ఆయన్ని భాయ్ అనే పిలిచేది, ఆయన నన్ను బాబుగారూ అనేవాడు. స్టాకు లిస్టుని ఇద్దరం ఒకేసారి తెరిస్తే తిప్పలు కాబట్టి నేనొక నియమం పెట్టాను. ఆటోనగర్‌లో నేను లిస్టు సరిచేసి, మూసేసి, ఉయ్యూరుకి రెండు రింగులిస్తాను. అప్పుడు భాయ్ తెరిచి చూసుకోవాలి. నేను రింగులిచ్చేది ఉయ్యూరులో నెట్టు కోసమే తీసుకున్న కొత్త లైనుకి. రైతులకీ బేరగాళ్లకీ తెలిసింది కొట్టు పాత నంబరు. కొత్త నంబరు ఇంకెవరికీ ఇవ్వొద్దని భాయ్‌కి గట్టిగా చెప్పాను. ఇంతా చేస్తే ఆయన పగలంతా వెనక గోడౌన్‌లోనే ఉండేవాడు, ముందు గదిలో మోగే రింగు వినపడేది కాదు. అందుకని నేను పాత సామాన్ల కొట్లో ఒక పెద్ద టెలిఫోన్ గంట సంపాదించి, ఆ లైనుకే తీగ కలిపి గోడౌన్ గోడకి బిగించాను. లైను పెట్టడానికొచ్చిన టెలిఫోన్ ఆయన ముందు గది ఫోనుకి ఒక బుల్లి తెల్ల డబ్బా తగిలించి, "ఇది లేకుండా ఈ లైనుకి ఇంకో ఫోన్ పెట్టకండి బాబూ, నెట్టు పోద్ది" అని చెప్పే వెళ్లాడు. నేను పెట్టింది ఫోన్ కాదు కదా, గంట! (ఈ వాదన ఇప్పటికీ నాకు పూర్తిగా తప్పనిపించదు.)

సొరంగం నిలబడింది. నేను లిస్టు సరిచేసి రెండు రింగులిచ్చాను. అయిదు నిమిషాలకి భాయ్ పాత నంబరు నుంచి ఫోన్ చేశాడు. "బాబుగారూ, జెడ్ మీద ఎర్ర ఇంటూ మార్కు పడిందండీ." డ్రైవు పోయిందన్నమాట. కాసేపటికి దానంతటదే వచ్చింది. మర్నాడు మళ్లీ అదే కథ. వచ్చిందో లేదో కనుక్కుందామని కొత్త నంబరుకి నేనే ఫోన్ చేసేవాణ్ణి. "భాయ్, వచ్చిందా?" అంటే "ఇందాకే వచ్చిందండీ... అయ్యో, మళ్లీ పోయిందండీ!" అనేవాడు. రోజుకి పదిసార్లు పోయేది. దిగులు పట్టుకుని నేను ఇరవైసార్లు కనుక్కునేవాణ్ణి.

ఒక పొడుగు నోటుపుస్తకం కొన్నాను. ముందు నుంచి డ్రైవు పోయిన తేదీలూ వేళలూ, నాకు తోచిన కారణాలూ రాసేవాణ్ణి. వెనక నుంచి ఎవరు ఏమన్నారో రాసేవాణ్ణి. రెండు వైపులా సమానంగా నిండుతూ వచ్చాయి. కరెంటు అన్నాను, యూపీఎస్ మార్పించాను. వైరు అన్నాను, వైర్లు మార్చాను. ఎలకలన్నాను, ఫ్యాక్టరీ నుంచి వచ్చే చెరుకు మడ్డి వాసనకి మోడెం పాడవుతోందన్నాను (ఇది వినగానే బావ అన్న మాట వెనక పేజీల్లో ఉంది, ఇక్కడ రాయలేను). ఉయ్యూరు కంప్యూటర్లో అన్నీ చెరిపి మూడుసార్లు మొదటి నుంచి ఎక్కించాను. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "మోడెం ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి సార్" అని ఆ అమ్మాయి ఎంత దయగా చెప్పేదంటే, నా దగ్గరి బంధువెవరో పోయారనుకుని మాట్లాడుతోందేమో అనిపించేది.

అన్నిటికన్నా నన్ను కుంగదీసింది ఇంకొకటుంది. బస్సెక్కి కంకిపాడు మీదుగా ఉయ్యూరు వెళ్లి ఆ కంప్యూటర్ ముందు పగలంతా కూర్చుంటే, జెడ్ డ్రైవు రాయిలా కదలకుండా ఉండేది. రెండు రోజులు కూర్చున్నా, నాలుగు రోజులు కూర్చున్నా అంతే. తిరిగి ఆటోనగర్ వచ్చి కుర్చీలో కూలబడి రెండు రింగులిస్తే పోయేది. నా మీద పగబట్టిన యంత్రాన్ని అదే మొదటిసారి చూడడం. ఒక సాయంత్రం పటమటలో బస్సు దిగి, ఇంటికి వెళ్లి అక్కకి మొహం చూపించలేక, స్టాపులోనే అరగంట నిలబడ్డాను. పేపర్లో ఉద్యోగ ప్రకటనలు చూడడం కూడా మొదలుపెట్టాను. ఎవరికీ సిస్టమ్స్ ఇన్‌చార్జి అక్కర్లేదు.

ఆ రోజుల్లోనే భాయ్ ఆ మాటన్నాడు. నేను ఫోన్ చేసి "మళ్లీ ఎందుకు పోయింది భాయ్?" అంటే, ఆయన కాస్త తటపటాయించి, "మీరేం అనుకోనంటే ఒక మాటండీ బాబుగారూ. మీరు ఫోన్ చేస్తేనే పోతోందండీ. చెయ్యకపోతే బానే ఉంటోంది" అన్నాడు.

బావంటే అన్నాడు, బోల్టులు లెక్కపెట్టే మనిషి కూడా ఎకసెక్కాలాడడమా? "నా గొంతు వింటే నీ మోడెం జడుసుకుంటోందా?" అన్నాను. "అబ్బే, నేనట్టా అన్లేదండీ. ఆ పెట్టె మీద పచ్చ లైటు..." అంటుండగానే ఫోన్ పెట్టేశాను. పుస్తకం తిప్పి, వెనక పేజీలో తేదీ, వేళా వేసి ఆ మాట పూర్తిగా రాసుకున్నాను.

క్రషింగ్ మొదలయ్యే రోజు రానే వచ్చింది. బావ తెల్ల చొక్కా వేసుకొచ్చి ఉయ్యూరులో నా పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బయట చెరుకు ట్రాక్టర్లు. భాయ్ గోడౌన్‌కీ కౌంటర్‌కీ తిరుగుతున్నాడు. జెడ్ డ్రైవు నిలబడింది. తొమ్మిదైంది, పదైంది, పదకొండైంది. బావ మొహంలో నేనెప్పుడూ చూడని మెత్తదనం కనిపించింది. "ఫర్లేదురా, పనోడివే" అన్నాడు. నా జీవితంలో ఆ మాట వయసు రెండు క్షణాలు. గోడౌన్‌లో గంట గణగణమంది. నా కళ్ల ముందే మోడెం మీద పచ్చ లైటు ఆరిపోయింది. జెడ్ మీద ఎర్ర ఇంటూ మార్కు పడింది.

ముందు గదిలో ఫోన్ ఎత్తితే, అక్క. "ఒరేయ్, క్యారియర్ ఇక్కడే మర్చిపోయి వెళ్లావు. మీరిద్దరూ ఏం తింటార్రా?" వంటింటి కేలండర్ మీద ఆ నంబరు రాసిపెట్టింది నేనే. బావ నా వంక చూస్తున్నాడు. ఏదైనా అంటే పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

భాయ్ నా దగ్గరికొచ్చి, బావకి వినపడకుండా అన్నాడు, "ఒక్కసారి ఆ గంట తీగ పీకి చూద్దామాండీ?" అప్పుడు కూడా నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆయన నా జవాబు కోసం చూడకుండానే వెళ్లి తీగ పీకేశాడు. లైటు వెలిగాక నా సెల్లుతో అక్కకి ఫోన్ చేశాను. "అక్కా, ఆ నంబరుకే మళ్లీ చెయ్యి." "పిచ్చెక్కిందేంట్రా? ఇందాకే చేశాగా!" "చెయ్యవే తల్లీ!" ముందు గది ఫోన్ మోగింది. పది రింగులు మోగనిచ్చాం. పచ్చ లైటు చెక్కుచెదరలేదు.

నేను ఇన్నాళ్లూ స్టాకు లిస్టు సిద్ధమైందని రింగిచ్చి, తెల్ల డబ్బా లేని ఆ గంట రింగుతోనే డ్రైవుని పడగొట్టి, పడిందేమోనని మళ్లీ ఫోన్ చేసి, లేవబోతున్నదాన్ని మళ్లీ పడగొడుతూ వచ్చానన్నమాట. నేను ఉయ్యూరులో ఉన్న రోజున రింగిచ్చే దిక్కు లేక అది హాయిగా బతికింది.

బావ లేచి గోడౌన్ గుమ్మంలోంచి చూశాడు. "ఈ దరిద్రపు గంట ఎవడ్రా పెట్టింది?"

నోరు తెరిచాను. మళ్లీ మూశాను. వెనక నుంచి భాయ్ అన్నాడు, "నేనేనండీ, వినపడక పెట్టించుకున్నా. బాబుగారికి తెలీదు."

"తెలిసీ తెలీని పనులెందుకయ్యా? కుర్రాడు నెలరోజులుగా చచ్చిపోతున్నాడు!" అని బావ కౌంటరంతా వినపడేలా కేకలేశాడు. భాయ్ తలొంచుకుని "పొరపాటైందండీ" అన్నాడు. నేను మోడెం వైపు చూస్తూ నిలబడ్డాను. నట్లూ బోల్టుల కౌంటర్ తప్పింది. బావ వెళ్లాక భాయ్ తన క్యారియర్ తెరిచి, రెండు రొట్టెలు మూత మీద పెట్టి నా వైపు జరిపాడు. ఆ గంట సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు.

మొన్న ఇల్లు మారుతుంటే ఆ పొడుగు నోటుపుస్తకం దొరికింది. ముందు వైపు కరెంటు, వైరు, ఎలకలు, మడ్డి వాసన. ఒక్కటీ నిజం కాదు. వెనక్కి తిప్పాను. మూడో పేజీలో, తేదీతో, వేళతో, నా గుండ్రటి అక్షరాల్లో ఉంది: "మీరు ఫోన్ చేస్తేనే పోతోందండీ." నెలరోజులు రెండూళ్ల మధ్య బస్సుల్లో తిరిగి నేను వెతుక్కున్న జవాబు, అవమానాల వైపు అంత పొందిగ్గా రాసిపెట్టుకున్నాను. దాని కింద, కాగితం చిరిగేలా రెండు గీతలు కొట్టి ఇంకో వాక్యం: "ఈ భాయ్‌ని జన్మలో మర్చిపోను."

ఆ కుర్రాడు తన మాటగా రాసుకున్నవాటిలో అదొక్కటే నిజమైంది.