నేనెత్తిన జెండా

తొంభైల చివర మాదాపూర్ చౌరస్తాలో రేకుల కప్పు కింద ఒక చాయ్ హోటల్ ఉండేది. ఎదురుగా గుండ్రటి అద్దాల కట్టడం లేస్తూ ఉండేది. ఆదివారం పొద్దున మా ఊరి పాత ఫుట్‌బాల్ అభిమానులం అక్కడ చేరేవాళ్లం. అందరమూ యాభై దాటినవాళ్లమే. బండలు పేల్చే చప్పుడుకు గ్లాసులు అదిరేవి, ఇసుక లారీల దుమ్ము చాయ్‌లో పడేది. మావాళ్లకు ఇవేవీ పట్టేవి కావు. వాళ్లు మాట్లాడేది ఒక్క మనిషి గురించే.

అతన్ని ఊరంతా కప్తాన్ అనేది. బండలు కొట్టే ఇంట పుట్టాడు. రాతి పెళ్లల మీద నడిచి గట్టిపడిన కాళ్లు. బూట్లు వేసుకునేవాడు కాదు, చీలమండలకు గుడ్డపట్టీ చుట్టుకుని బరిలోకి దిగేవాడు. నగరంలో ఒక పెద్ద జట్టుకు ఆడుతూ కూడా ఎండాకాలం పోటీలకు మాత్రం ఊరికి వచ్చి మా తరఫున ఆడేవాడు. బంతిని ఎడమ పాదం కింద అదిమి ఉన్నట్టుండి ఆగిపోయేవాడు. ఎదుటివాడూ ఆగేవాడు. అప్పుడు తలెత్తి, ఎటు పోదామో నువ్వే చెప్పు అన్నట్టు వాడి ముఖంలోకి చూసేవాడు. వాడు ఒక కాలి మీదికి ఒరగగానే రెండో పక్క నుంచి వెళ్లిపోయేవాడు. మణికొండ జట్టులో వెనక కాపు కాసే ఒక బ్యాకు అలా మోసపోయి, ఇంటికెళ్లాక కూడా సొంత గుమ్మం ముందు ఎటు కదలాలో తెలియక నిలబడిపోయాడని మా గోలీ చెప్పేవాడు. గోలీ అంటే అప్పటి మా గోల్‌కీపర్. ఈ ఆదివారాల నాటికి చౌరస్తాలో పంక్చర్ దుకాణం నడిపేవాడు. హోటల్ నేల మీద సోడా మూత పెట్టి కప్తాన్ ఆగుడును చూపించేవాడు. తన పొట్టను మరచిపోయి చూపించేవాడు కనుక రెండుసార్లు పడ్డాడు కూడా.

నేను నవ్వేవాణ్ణి కాను. మా ఇంట్లో నలుగురి మధ్య పళ్లు కనబడేలా నవ్వే అలవాటు లేదు. ఈ ఊరు ఒకప్పుడు మా తాతల మక్తా, అంటే శిస్తు వాళ్లకే చెందే ఊరు. నాకు బుద్ధి తెలిసేసరికే భూములు కరగడం మొదలైంది, నా తలవెంట్రుకలు తెల్లబడేసరికి పూర్తయింది. ఆ భూముల్లోనే ఇళ్లు కట్టే ఒక బిల్డరు దగ్గర, పాత హద్దురాళ్లు ఎక్కడుండేవో చూపించే పని చేసేవాణ్ణి. అయినా ఆదివారం నేను హోటల్‌కు వస్తే ఒకరు లేచి కుర్చీ ఇచ్చేవారు. ఆ కుర్చీ మక్తా వల్ల వచ్చింది కాదు. ఒక జెండా వల్ల వచ్చింది.

ముప్పై ఏళ్ల కిందటి మాట. మా తాత పేరున ఇచ్చే కప్పుకు ఫైనలు. మేమూ మణికొండా. రెఫరీ నగరం నుంచి వచ్చాడు. గీత పక్కన జెండాలు పట్టే ఇద్దరూ చెరొక ఊరివాళ్లు. కప్పు ఇచ్చిన ఇంటి కొడుకును కనుక మా ఊరి జెండా నాకే ఇచ్చేవారు. నియమాలు తెలుసునా అని ఎవరూ అడగలేదు. తెలుసు. చదువుకున్నవాణ్ణి, నియమాలన్నీ తెలుసు.

మణికొండ ఒక గోలు ముందుంది. ఇంకా మూడు నాలుగు నిమిషాలే ఉన్నాయి. బంతి మావాళ్ల కాళ్లలో ఉంది, కప్తాన్ గోలు వైపు కదులుతున్నాడు. సరిగ్గా అప్పుడే నా వెనక ఎవరో సలాం చేశారు. తిరిగి చూస్తే, మా మందలు కాసి మానేసిన ముసలాయన చేయి నుదుటికి ఆనించి నిలబడి ఉన్నాడు. అప్పటికే మాకు సలాం చేసేవాళ్లు తగ్గిపోయారు. చేసినవాడికి నిండుగా, ఒళ్లంతా తిప్పి, చేయెత్తి జవాబివ్వాలన్న ఆత్రం నాలో ఉండేది. అలాగే ఇచ్చాను. యోగక్షేమాలు కూడా అడిగాను.

ఒక్కసారిగా అరుపు లేచింది. తిరిగేసరికి బంతి వలలో ఉంది. కప్తాన్ గోలు ముందు ఒంటరిగా ఉన్నాడు, మణికొండ బ్యాకులు అతని వెనక ఉన్నారు. బంతి ఇచ్చినప్పుడు అతను వాళ్లకు ముందున్నాడో వెనకున్నాడో నేను చూడలేదు, ముందుంటే గోలు చెల్లదు. రెఫరీ నా వైపు చూశాడు. మైదానమంతా నా వైపు చూసింది. చూడలేదని చెప్పవచ్చు. జెండా దించి ఊరుకోవచ్చు. కానీ చేయి దించుకుని నిలబడితే చూడనివాడిలా కనబడతాననిపించింది. ఎత్తితే తెలిసినవాడిలా కనబడతాను. ఎత్తాను.

ఆఫ్‌సైడ్. గోలు చెల్లలేదు. మేం ఓడిపోయాం. కప్తాన్ కుంటుతూ బయటికి వెళ్లాడు, మళ్లీ మా ఊరి మైదానంలో అడుగు పెట్టలేదు. ఆ ఏడే నగరం జట్టునూ వదిలేశాడు. అతని చివరి గోలు అదే, దాన్ని కాదన్నది నేను.

మావాళ్లు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. రెండు రోజులు గొణిగి, తర్వాత పొగడడం మొదలుపెట్టారు. సొంత ఊరి గోలునే కాదన్నాడంటే ఎంత న్యాయం ఉన్న మనిషో అన్నారు. ఆ మాట పక్క ఊళ్లకు పాకింది. పొలం గెట్టు తగాదా వస్తే నన్ను పిలిచేవారు. భూములు పోయాయి, పొలాలతో పాటే మనుషులూ పోయారు, ఆ ఒక్క పేరు మాత్రం మిగిలింది. ముప్పై ఏళ్లు ఆ పేరు మీదే నిటారుగా నడిచాను. ఆదివారం ఆ గోలు ప్రస్తావన రాగానే గోలీ బల్ల మీద చరిచి అనేవాడు:

“దొర ఎత్తిండంటే చూసే ఎత్తిండు. ఇగ మాట్లాడకుండ్రి.”

నేను చాయ్ తాగేవాణ్ణి.

అలా హోటల్‌లో చేరుతున్న ఒక ఏడాది మైదానం మీదుగా కొత్త రోడ్డు వేస్తారని తెలిసింది. దున్నేలోపు కప్తాన్‌ను అక్కడికి పిలిచి శాలువా కప్పాలని మావాళ్లు అనుకున్నారు. పుప్పాలగూడలో కూతురింట్లో ఉంటున్నాడని గోలీ కనుక్కుని వచ్చాడు. శాలువా నేనే కప్పాలని అందరూ ఒక్క మాటగా అన్నారు. మా సైటు ఆఫీసులో పనిచేసే కోస్తా ఇంజనీరు ఒకాయన ఆ రోజు మాతో చాయ్ తాగుతున్నాడు. కథంతా విని, నా వైపు తిరిగి చాలా మర్యాదగా అడిగాడు.

“మరి అది నిజంగా ఆఫ్‌సైడేనాండీ?”

ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న నన్ను నేరుగా అడిగినవాళ్లు లేరు. జెండా ఎత్తాను కదండీ అన్నాను. ఆయన తలూపాడు. ఆ జవాబులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. అదే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

పిలుపు చెప్పే పని నేనే తీసుకున్నాను. మర్నాడు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని పుప్పాలగూడ వెళ్లాను. కప్తాన్ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు. కుడి కాలు చాచి ఉంది, మోకాలు మడవడం లేదు. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను. మా ఇంట్లో ఎవరూ వాళ్ల వాడకట్టు మనిషిని ‘మీరు’ అనలేదు. ఆ పొద్దున నా నోట అదే వచ్చింది.

“మీరు కూచోండి. నేను ఒక మాట చెప్పిపోదామని వచ్చిన.”

శాలువా సంగతి చెప్పలేదు. సలాం సంగతి చెప్పాను. ముసలాయన ఎలా సలాం చేశాడో, నేను ఎలా తిరిగానో, ఏం అడిగానో, అన్నీ వరుసగా చెప్పాను. సంజాయిషీ చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. హద్దురాళ్లు చూపించేటప్పుడు మాట్లాడినట్టే మాట్లాడి ఉంటాను. చివరికి, ఆ గోలు నేను చూడలేదు, చూడకుండానే కాదన్నాను, మీరు ఊరికి రాకపోవడానికి నేనే కారణం అన్నాను.

అతను గింజ తీయడం ఆపి నా ముఖంలోకి చూశాడు. వెనకటి చూపే. ఎటు ఒరుగుతానో చూస్తున్నట్టు.

“గిన్నేండ్లు గిది మోసుకుంట తిరిగినవా దొరా?”

అవునన్నట్టు తలూపాను.

“నా మోకాలు ఆట నడుమనే పోయింది. ఎవ్వలికి చెప్పలె. ఆ బంతి తన్నినంక నిలవడెతందుకు గూడ పానం లేకుండె. గోలైతే బరాబరైతది. బరాబరైతే ఇంకో అర్ధగంట ఆడాలె. ఎట్ల ఆడాల్నని పరేషానైతున్న. గంతల నీ జెండా లేసింది. సచ్చి బతికినట్టయింది నాకు.”

ఊరికి ఎందుకు రాలేదని అడిగాను. ఆట చూస్తే ఆడబుద్ధవుతుందట, ఆడలేని కాలు పెట్టుకుని గీత పక్కన నిలబడడం తన వల్ల కాలేదట. కోపమా అని మళ్లీ అడిగాను. కోపం మణికొండవాళ్ల మీద ఉండేదట, మోకాలి మీద తన్నింది వాళ్లు కనుక. నా మీద కోపం పెట్టుకోవాలన్న సంగతే తనకు తోచలేదన్నాడు. ఈ ముక్కకు మాత్రం నాకు కొంచెం మనసు చివుక్కుమంది. ముప్పై ఏళ్లు నేను అతని మనసులో ఉన్నాననుకున్నాను. లేను. ఆ చివుక్కు ఎంతోసేపు లేదు. దాని వెనకే ఒక తేలికదనం వచ్చింది. చాలా కాలంగా తలకు చుట్టిన తడి రుమాలు ఎవరో విప్పినట్టయింది.

పోయేముందు అడగకుండా ఉండలేకపోయాను. ఇంతకీ అది ఆఫ్‌సైడేనా?

“నాకెట్ల ఎర్కయితది? నేను బంతిని చూస్తున్న. చూసెటోడు నువ్వు గద.”

అతని కూతురు చాయ్ తెచ్చింది. తాగాను. అప్పుడు శాలువా సంగతి చెప్పాను. వస్తానన్నాడు, కానీ ఉపన్యాసాలు వద్దన్నాడు. ఇదంతా మావాళ్లకు చెప్పే పని పెట్టుకోవద్దనీ అన్నాడు. ఆ గోలు తగాదా లేకపోతే ఆదివారం వాళ్లకు ఏం తోస్తుందని అడిగాడు.

ఆ మాట విని ఉంటే నా పేరు నాకు దక్కేది. దారంతా అదే ఆలోచించాను. అతను క్షమించలేదు, క్షమించడానికి అతని దగ్గర ఏమీ లేదు. ఇక మిగిలింది మావాళ్ల దగ్గర నేను తీసుకున్న పేరు, అది తిరిగి ఇచ్చేయాలి.

మైదానంలో ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఒక పక్క అప్పటికే రోడ్డు రోలరు వచ్చి ఆగి ఉంది. కప్తాన్‌ను ఆటోలో తెచ్చి కూర్చోబెట్టాం. గోలీ దండ వేసి ఏడ్చాడు. నా వంతు వచ్చింది. శాలువా కప్పి, మైకు లేదు కనుక గొంతు పెంచి, చెప్పవలసింది మూడు వాక్యాల్లో చెప్పాను. ఆ రోజు నేను సలాం అందుకుంటున్నాను. గోలు చూడలేదు. చూడలేదని చెప్పడానికి నామోషీ పడి జెండా ఎత్తాను.

వెనక కుర్చీల్లోని ఒకాయన లేచి వెళ్లిపోయాడు. నా న్యాయం మీద అందరికంటే ఎక్కువ ప్రమాణాలు చేసినవాడు ఆయనే. గోలీ ముఖం చూస్తే జాలేసింది. కొంతసేపటికి అతనే దగ్గరికి వచ్చాడు.

“నీ దిక్కు మాట్లాడి మాట్లాడి నా గొంతు పోయింది దొరా. ముప్పై ఏండ్లు. మా బావమరిదితోటి మాటలు బందయినయి.”

తప్పయిందన్నాను. ఆ మాట మా ఇంట్లో ఎవరి నోటా నేను విన్నది కాదు. ఇంత చిన్న మాటా అనిపించింది. ఇక బావమరిదికి ఫోను చెయ్యాలన్నాడు గోలీ.

తర్వాతి ఆదివారం హోటల్‌కు వెళ్లడమా మానడమా అని ఆలోచించి వెళ్లాను. ఎవరూ లేవలేదు. బెంచీ మీద ఇద్దరు సర్దుకుంటే మధ్యలో ఇరుక్కున్నాను. వెళ్లిపోయిన ఆయన కూడా వచ్చాడు. నాతో మాట్లాడలేదు కానీ చక్కెర డబ్బా నా వైపు జరిపాడు. గోలీ బావమరిది కొత్తగా చేరాడు. ఆ గోలు చెల్లుతుందా లేదా అని తగాదా మొదటి నుంచి మొదలైంది, ఈసారి నా జెండా లేకుండా. వింటూ వింటూ ఉండబట్టలేక నేనూ నోరు విప్పాను. కప్తాన్ అంత దూరం నుంచి ఒంటరిగా వచ్చాడంటే బ్యాకుల వెనక నుంచి వచ్చే ఉంటాడు, అది గోలే అన్నాను.

గోలీ నన్ను మోచేత్తో పక్కకు నెట్టాడు.

“నీకేం ఎర్క దొరా, నువ్వు సూడనే లేదు గద. నోరు మూసుకొని చాయ్ తాగు.”

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, చాయ్ చొక్కా మీద ఒలికింది.