గడ్డం కింద చెయ్యి

దయ్యం, గాలి, సోకు అని ఎవరైనా మొదలుపెడితే నేను అక్కడి నుంచి లేచిపోయే మనిషిని. ఇప్పటికీ అంతే. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ పెద్దగా బయట చెప్పుకోలేదు.

తొంభైల నడుమ శంషాబాద్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేదాన్ని. అప్పటికే నాకు వాసన తెలియకుండా పోయి చాలా ఏళ్లైంది. ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయి, రాత్రంతా నోరు తెరుచుకునే పడుకునేదాన్ని. పప్పు మాడితే పిల్లలే పరుగెత్తుకొచ్చి చెప్పేవాళ్లు. అందరం నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు గ్యాస్ లీకై వంటగదంతా నిండింది. నేను తీరిగ్గా అగ్గిపుల్ల తీశాను. గుమ్మంలోకి వచ్చిన వార్డెనమ్మ నా చెయ్యి పట్టి గుంజింది. పక్కనే పిల్లలు పళ్లేలు కడుక్కుంటున్నారు. 

"ముక్కు మంచిగయ్యేదాక పొయ్యి దగ్గరికి రాకు మరియమ్మా," అంది వార్డెనమ్మ. ఆమె తప్పేమీ లేదు. కానీ నాకు వచ్చిన పని అదొక్కటే.

సిటీలో ముక్కు డాక్టరు చూసి, లోపల కండ పెరిగింది, నడిమి ఎముక కూడా వంకరగా ఉంది, ఆపరేషన్ చేస్తే పోతుంది అన్నాడు. అయితే ముందు స్కానింగ్ కావాలి. కంటి పక్కన కాగితమంత పలచని ఎముక ఉంటుందట. ఫిల్ములో అది తేటగా కనపడితే తప్ప ఆపరేషన్ చేయనన్నాడు.

ఆ స్కానింగ్‌కు బోర్లా పడుకుని, గడ్డం ముందుకు చాచి, తలను వీలైనంత వెనక్కి వంచాలి. ముక్కు ఆడని మనిషికి అది నరకం. నోట్లో ఉమ్మి ఊరుతుంది, మింగితే తల కదులుతుంది. రెండుసార్లు ఫిల్ములు మసకగానే వచ్చాయి.

"ఇగ ఇదే ఆఖరు అక్కా. జర కదలకుండ ఉండు," అని మిషన్ నడిపే అతను తలుపు మూసి, అద్దం వెనక గదిలోకి పోయాడు.

కళ్లు మూసుకున్నాను. ప్రార్థన చేశానని చెబితే బాగుంటుంది గానీ, చేయలేదు. ఆ మిషన్‌ను కనిపెట్టినవాణ్ని తిట్టుకుంటున్నాను. మెడ వణకడం మొదలైంది. అప్పుడే నా గడ్డం కింద ఒక అరచెయ్యి ఆనింది.

వెచ్చగా, గరుకుగా ఉంది. బొటనవేలు నా కుడి దవడ మీద, మిగతా వేళ్లు గొంతు వైపు. గట్టిగా పట్టుకోలేదు, తల బరువు మాత్రం మోసింది. మెడ వణుకు ఆగిపోయింది. అతనే జాలిపడి వచ్చాడనుకుని మనసులో దండం పెట్టుకున్నాను.

మిషన్ చప్పుడు ఆగింది, తలుపు తెరుచుకుంది. కళ్లు తెరిస్తే అతను అప్పుడే లోపలికి వస్తున్నాడు. నా గడ్డం ఎవరు పట్టుకున్నారని అడిగాను.

"మిషన్ నడుస్తుంటే లోపల ఎవ్వరుండరక్కా, మేమే ఉండం. ఈసారి మంచిగ ఉన్నవ్," అన్నాడు.

తల కదలకుండా కట్టిన పట్టీ అనుకుందామంటే పట్టీకి వేళ్లుండవు. డాక్టరును అడిగాను. చెయ్యి ఉంటే దాని ఎముకలు కూడా ఫిల్ములో పడాలి కదమ్మా అన్నాడు. ఫిల్ములు అద్దంలా తేటగా ఉన్నాయి. ఉన్న ఎముకలన్నీ నావే.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్లకు, కాటేదాన్ ఫ్యాక్టరీల దగ్గర బస్సులో అందరూ ముక్కు మూసుకుంటే నేనూ మూసుకున్నాను. ఆ కంపుకు అంత సంతోషపడ్డదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. పొయ్యి మళ్లీ నా చేతికి వచ్చింది.

అది దేవదూత అన్నారు పాస్టరుగారు. దేవదూతకు అరచెయ్యి అంత గరుకుగా ఉంటుందా అంటే నవ్వేశారు. మా అమ్మ చెయ్యేమో అంది చెల్లెలు. మా అమ్మ ఆ రోజు శుభ్రంగా బతికుండి తుక్కుగూడలో టమాటాలు కోస్తోంది. భయంతో అట్లా అనిపించిందంటాడు మా ఆయన. కావచ్చు. కానీ భయానికి బొటనవేలు ఎట్లా వస్తుందో నాకు అంతుపట్టలేదు.

ఇప్పుడు కళ్లు మూసుకున్నా, దగ్గరికొచ్చింది ఎవరో వాసనతోనే చెబుతాను. ఆ రోజు ఆ చెయ్యి నా ముక్కు కిందే ఉంది. ముక్కులోంచి ఒక్క ఊపిరి లోపలికి పోయి ఉంటే, అది ఎవరిదో తెలిసిపోయేది.