ఎపిఫానియా చూడని కుస్కో

మొక్కజొన్న కోతలు అయిపోయి, కంకులు ఇంటి కప్పుల మీద ఎండుతున్నాయంటే చాలు, సిన్ఫొరోసో నోట ఏటా ఒకటే పాట.

"ఈసారి కార్పుస్ పండక్కి కుస్కో పట్నం వెళ్తున్నాం. ఇంటిల్లిపాదీ. రెండు రోజులుండి వచ్చేస్తాం. ఇంక తిరుగులేదు."

ఆ మాట విని పుక్యోపంప ఊళ్ళో నవ్వనివాళ్ళు లేరు. సంతలో ఎదురైనవాళ్ళు "ఏం సిన్ఫొరో, మూటలు సర్దావా? మాకేం తెస్తున్నావ్?" అని ఏడిపించేవారు. అతనూ వాళ్ళతో కలిసి నవ్వేవాడు. మంచివాడే పాపం. మంచివాళ్ళతో వచ్చిన చిక్కే అది, వాళ్ళని నిలదీయడానికి ఎవరికీ నోరు రాదు.

కుర్రతనంలో అతను కొన్నాళ్ళు కుస్కో సంతలో మూటలు మోశాడు. నడుం పట్టేశాక ఊరికి తిరిగొచ్చి, ఊరికి అవతలి పక్క ఉండే ఎపిఫానియాని ఇష్టపడి, వాళ్ళ అలవాటు ప్రకారం పెళ్ళికి ముందే తన తల్లి ఇంట్లో కాపురానికి తెచ్చుకున్నాడు. ఆ వచ్చిన రోజే గొప్పగా మాటిచ్చాడు.

"నీకు కుస్కో చూపిస్తా. కార్పుస్ నాడు పేటపేటల నుంచీ పునీతులు పల్లకీలెక్కి పెద్ద చర్చికి చుట్టపుచూపుగా వస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో బాజా. వీధుల్లో బల్లలేసి గినీపంది వేపుడు, జున్ను, సముద్రపు నాచు, చేప గుడ్లు, అన్నీ ఒకే పళ్ళెంలో చల్లగా పెడతారు."

"చల్లారిన కూడు తినడానికి అంత దూరం పోవాలా?" అందామె. అంది గానీ, ఆ పూటంతా పల్లకీల గురించి గుచ్చిగుచ్చి అడుగుతూనే ఉంది.

పండగేమో సరిగ్గా గడ్డమంచు కురిసే రోజుల్లో వస్తుంది. ఆ రోజుల్లో పుక్యోపంపలో ఎవరూ ఇల్లు కదలరు. బంగాళాదుంపలు కొండ మీద గడ్డిలో పరిచి, రాత్రి మంచుకి గడ్డకట్టనిచ్చి, పొద్దున్నే ఉత్త కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండి, ఎండబెట్టి దాచుకోవాలి. ఆ ఎండుదుంపలే ఏడాది తిండి. మంచు ఎవరి కోసమూ ఆగదు. దుంపలు లేవనుకుంటే గొర్రెలు ఈనేవి, గొర్రెలు కాకపోతే సిన్ఫొరోసో తల్లి మంచాన పడేది, ఆవిడ పోయాక చిన్నది నెలీ పుట్టింది. ఏటా ఏదో ఒకటి. ఏటా అతను నీళ్ళు నమిలేవాడు, ఆమె "సర్లే, పైయేడు చూద్దాం" అని బుట్ట ఎత్తుకుని దుంపల దగ్గరికి పోయేది.

ఒక్కసారైనా ఒంటికాలి మీద లేవాల్సింది. ఇచ్చిన మాట ఏమైందని కడిగి పారేయాల్సింది. చెయ్యలేదు. నీళ్ళ ఊట, గొర్రెల బీడు, దుంపల కళ్ళం, వారానికోసారి దిగువ సంత, అంతే ఆమె బతుకు. కనుమ దాటి ఎరగదు.

మొన్నటి వానల్లో ఎపిఫానియా ఒళ్ళంతా చిక్కిపోయి పొట్ట మాత్రం పెరగసాగింది. "ఈ వయసులో మళ్ళీనా తల్లీ!" అని ఆడవాళ్ళు వేళాకోళం చేశారు. కళ్ళు పచ్చబడ్డాక ఎవరూ నవ్వలేదు. దిగువ ఊరి ఆసుపత్రిలో డాక్టరు కాలేయం పాడైందన్నాడు. ఇంటికి తీసుకుపోయి, ఏది తినాలనిపిస్తే అది పెట్టమన్నాడు. సిన్ఫొరోసోకి స్పానిష్ అంతంత మాత్రమే వచ్చు గానీ, ఆ మాట అర్థం కావడానికి భాష అక్కర్లేదు.

అప్పుడు కదిలాడు మహానుభావుడు. ఇన్నేళ్ళూ లేని చురుకు ఎక్కడినుంచి వచ్చిందో! సెల్‌ఫోన్ కొండ కొమ్ము మీద తప్ప పలకదు. ఆయాసపడుతూ అక్కడికెక్కి పెద్దకూతురు రోసెండాకి ఫోన్ చేశాడు. రోసెండా కుస్కోలో పళ్ళరసాల బడ్డీ నడుపుతుంది. అప్పుడే పురుడు పోసుకుంది, అదీ ఆపరేషనై. ఈ గతుకుల దారిలో ప్రయాణం చేస్తే కుట్లు విడిపోతాయని డాక్టర్లు అడ్డుపడ్డారు.

"నేను రాలేను, అమ్మనే తీసుకురా నాన్నా," అని ఆ పిల్ల ఏడ్చింది. "నా మంచం ఇస్తా. నీ మనవరాలిని అమ్మ ఒళ్ళో పడుకోబెడతా. పండగ ఊరేగింపు మా వీధి చివర నుంచే పోతుంది, బయట కుర్చీ వేసి కూచోబెడతా."

"తెస్తానమ్మా. ఈసారి తెస్తాను."

అన్నట్టే కాళ్ళరిగేలా తిరిగి అన్నీ కుదిర్చాడు. పక్కింటివాళ్ళు తన దుంపలు తొక్కిపెట్టేలా, బదులుగా విత్తనాలప్పుడు తను వాళ్ళ పొలంలో పనిచేసేలా మాట్లాడుకున్నాడు. వ్యాను నడిపే అబ్బాయిని బతిమాలి ముందు సీటు ఖాయం చేసుకున్నాడు, కుదుపులకి కింద వేయడానికి గొర్రెతోలు తీసిపెట్టాడు. నెలీ అయితే జడలకి కట్టుకునే ఊలు దారాలు అప్పుడే ఉతికి ఆరేసింది. ఇక మిగిలింది బూట్లు. ఎపిఫానియా పుట్టి బుద్ధెరిగాక టైరు చెప్పులు తప్ప వేసుకోలేదు. కుస్కో రాతి వీధుల చలికి పాదాలు పగులుతాయని, అరువడగడానికి సెవెరినా ఇంటికి వెళ్ళాడు. నెలీకి పుట్టువెంట్రుకలు తీసింది సెవెరినాయే. వాళ్ళ ఆచారంలో అలా తీసినావిడ ఇంటిమనిషి కిందే లెక్క, అందుకే అతన్ని అన్నా అని పిలుస్తుంది.

సెవెరినా బూట్లు దులిపి చేతికివ్వబోతూ, "మంచం దిగని మనిషికి బూట్లెందుకన్నా?" అని అడిగింది.

"కుస్కో తీసుకుపోతున్నాగా! నాలుగడుగులు నడిపిద్దామని."

ఆమె బూట్లు వెనక్కి లాక్కుంది.

"నీకు మతిగాని పోయిందా? పోయే మనిషిని తెలీని ఊళ్ళో నడిపిస్తావా? ఆ అడుగులు మళ్ళీ ఎవరేరుకోవాలి? నువ్వా?"

సిన్ఫొరోసో చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తెలియని సంగతేమీ కాదది. అక్కడ పాలు తాగే పిల్లలకీ తెలుసు. మనిషి పోయే ముందు, ఒళ్ళు మంచం మీద ఉండగానే ప్రాణం బయల్దేరి, బతికినన్నాళ్ళూ ఎక్కడెక్కడ అడుగు పెట్టిందో అక్కడికల్లా వెళ్ళి తన అడుగులన్నీ ఏరుకోవాలి. ఆఖరి అడుగు ఏరుకునేదాకా విడుదల లేదు. కంచరగాడిదలు తోలుకుని దేశమంతా తిరిగిన సిన్ఫొరోసో తండ్రి ఎన్ని వారాలు కొట్టుమిట్టాడాడని! అది కళ్ళారా చూసినవాడే ఇప్పుడు పెళ్ళానికి బూట్లు వెతుకుతున్నాడు. ఆశ పడ్డవాడికి ఏదీ గుర్తుండదు.

ఇంటికొచ్చి చాలాసేపు పొయ్యి ఎగదోస్తూ కూర్చున్నాడు. ఎపిఫానియా గోడ వైపు తిరిగి పడుకునే అడిగింది.

"బూట్లు ఇవ్వలేదా?"

"నీకెట్లా తెలుసు?"

"ఇవ్వదని తెలుసు. నేనైనా ఇవ్వను."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదే?"

"గంతులేస్తున్నావుగా! ముచ్చటగా ఉందని ఊరుకున్నా." ఆమె ఇటు తిరగడానికే ఆయాసపడింది. "నేను రానయ్యా."

"మనవరాలిని చూడవా? రోసెండా ఎదురుచూస్తోందే."

"చూడాలనే ఉంది. ఎందుకుండదు? కానీ విను. నా అడుగులన్నీ ఇక్కడిక్కడే ఉన్నాయి. ఊట దగ్గర కాసిని, బీట్లో కాసిని, కళ్ళంలో, సంతలో. ఒక్క పొద్దున్న ఏరుకుని వచ్చేస్తా. కుస్కోలో వేస్తే? అన్ని బళ్ళు, అందరు జనం, నాకా వాళ్ళ భాష రాదు. ఇప్పుడంటే నువ్వు చెయ్యి పట్టుకుంటావు. అప్పుడు నేనొక్కదాన్నే పోవాలి కదా. ఎవరినడగను దారి?"

"నేల మీద అడుగు పెట్టనివ్వను. మోసుకుపోతా. అక్కడ ఎన్ని మూటలు మోశానో తెలుసా?"

"నువ్వా? నిన్న నీళ్ళ బిందెతోనే మూలిగావు!" ఆమె నవ్వబోయి పొట్ట పట్టుకుంది. నొప్పి తగ్గేదాకా అతను ఆమె వీపు రాస్తూ ఉన్నాడు.

తర్వాత ఆమె మెల్లగా, తిట్టినట్టు కాకుండా, ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది.

"ఒంట్లో బాగున్నప్పుడు తీసుకుపోయుంటే వచ్చేదాన్ని. ఎంత ఆశపడ్డానో నీకు తెలీదు. ఏటా పండగ ముందు పాతలంగా అంచు విప్పి కొత్త గుడ్డ కుట్టుకునేదాన్ని. ఏడాదికోసారైనా పోతుంటే వీధులు తెలిసేవి, కూతురిల్లు తెలిసేది. ఇప్పుడు భయమయ్యా నాకు. వదిలెయ్."

సిన్ఫొరోసో గుండె చెరువైపోయింది. కాళ్ళు పట్టుకుందామనుకున్నాడు. పట్టుకుని ఏం లాభం? వ్యాను అబ్బాయికి రామని చెప్పి, నెలీ ఏడుస్తుంటే ఊరుకోబెట్టి, పక్కింటివాళ్ళు అక్కర్లేదన్నా వినకుండా వాళ్ళ వెంట దుంపలు పరచడానికి వెళ్ళాడు. చేతులకి ఏదో ఒక పని ఉండాలి కదా మనిషికి.

పండగ వారంలోనే ఎపిఫానియాకి స్పృహ తప్పింది. ఇంటి ముందు జనం చేరారు. తెల్లారుతూనే ఊట దగ్గర ఎవరో నీళ్ళు ముంచిన చప్పుడైందని, చూస్తే ఎవరూ లేరని సెవెరినా చెప్పింది. బీట్లో గొర్రెలన్నీ ఒక్కసారి తలెత్తి చూశాయని ఇంకొకరు అన్నారు. కళ్ళం దగ్గర దుంపలు తొక్కుతున్న ఆడవాళ్ళకి, తమ పక్కనే ఇంకో జత పాదాలు తొక్కుతున్నట్టు అనిపించిందట. తను అన్నట్టే, ఎండ ముదరకముందే అన్నీ ఏరుకుని ఎపిఫానియా వెళ్ళిపోయింది.

సిన్ఫొరోసో కొండ కొమ్ము ఎక్కాడు. ఫోన్‌లో వెనక ఎక్కడో బాజాలు వినబడుతున్నాయి. కబురు చెప్పబోయి, కూతుర్ని పేరు పెట్టి పిలిచాడు. రోసెండాకి చెప్పకుండానే తెలిసిపోయింది. ఏడ్చి ఏడ్చి, చివరికి అడిగింది.

"అక్కడెవరికైనా వినబడిందా నాన్నా?"

"వినబడిందమ్మా. ఊట దగ్గర, కళ్ళం దగ్గర. అందరికీ వినబడింది."

"నా దగ్గరికి రాలేదు." ఆ పిల్ల వెక్కుతోంది. "అమ్మకి బాలేదని నువ్వు చెప్పినప్పటి నుంచీ తలుపు గడియ పెట్టలేదు. ఇంటావిడ తిట్టినా పెట్టలేదు. చిన్న చప్పుడైనా లేచి చూశాను. ఒక్కసారి కూడా రాలేదు. నా మీద కోపమా నాన్నా? పురుడుకి ఊరికి రాలేదనా?"

సిన్ఫొరోసో రాయి మీద కూర్చున్నాడు. అబద్ధం చెబుదామా అనుకున్నాడు. అలవాటైన నోరే. ఈసారి మాత్రం రాలేదు.

"కోపం కాదు తల్లీ. దానికి మీ ఇంటి దారి తెలీదు. నేను చూపించలేదు."

అటు పక్క బాజాలు దగ్గరికొచ్చి, దాటి, వెళ్ళిపోయాయి.

"అయితే తలుపు వేసేయనా?"

"వేసెయ్యమ్మా. చలిగా ఉంటుంది. పసిదానికి గాలి తగులుతుంది."