వైర్లు లేకుండా అయితే ఎంత

పెట్రోలు లారీకి కార్బురేటరు పీకించి కంప్యూటరు పెట్టించిన మొదటి అంగడి మనిషి కర్నూలు, కడప జిల్లాల్లో నేనే. చివరివాణ్ణి కూడా నేనే అయి ఉంటాను, నన్ను చూశాక ఇంకెవరూ ఆ పనికి పోలేదు. మొన్న కర్నూలులో పాత ఇనుము అంగడి ముందు ఒక కళ్లద్దాలాయన, ఇంట్లో పడి ఉన్న జీపును బాగు చేయించుకోవాలని, ఒక పాత కార్బురేటరును చేతిలో తిప్పి తిప్పి చూస్తున్నాడు. అంగడివాడు చెప్పిన ధర విని, నాకేమీ సంబంధం లేని బేరంలో అలవాటుకొద్దీ దూరి, సగానికి ఇమ్మన్నాను. ఇద్దరూ నా మొహం చూశారు. అటువంటిదాన్ని నేను ఒకప్పుడు మారకం కింద ఇచ్చి వచ్చినవాణ్ణని వాళ్లకేం తెలుసు.

పత్తికొండలో మాది కిరాణా అంగడి. మా నాయన ఎప్పుడో మిలిటరీ వాళ్లు వేలం వేసిన ఒక చిన్న పెట్రోలు లారీని కొన్నాడు, దాన్ని మా చిన్నాయన నడిపేవాడు. చిన్నాయనకు పెళ్లి లేదు, అంగడిలో వాటా లేదు, తక్కెడ పట్టడం చేతకాదు. ఆ లారీ తిరుగుతున్నంత కాలం మాత్రం ఏ వేళకు వచ్చినా ఎవరినీ అడగకుండా వంటింట్లోకి పోయి, తన కంచం తానే తీసుకొని కూర్చునేవాడు. టమోటా తోలడం, సరుకు తేవడం ఆయన పని. ఆ పని ఉన్నందువల్లే ఆ ఇల్లు ఆయనది. ఇది మా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనలేదు, అందరికీ తెలుసు.

మీ వయసు, నా వయసు వాళ్లకు చెప్పనక్కరలేదు, ఎండలు ముదిరితే ఆ కాలపు బండ్లలో పెట్రోలు దారిలోనే ఆవిరై ఇంజను ఆగిపోయేది. చిన్నాయన దిగి, ఇంజను పక్కనుండే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి, ఒక బీడీ తాగి, మళ్లీ తోలుకొని వచ్చేవాడు. రెండువేల సంవత్సరం దాటాక, అంగడి నా చేతికి వచ్చి పెట్రోలు ధర నా ప్రాణం తీస్తుంటే, కొత్త కార్లలో పెట్రోలును గాలితో కలిపే కార్బురేటరే ఉండదట, కంప్యూటరు చుక్కలు లెక్కపెట్టి పెట్రోలు చల్లుతుందట అని విన్నాను. చుక్కలు లెక్కపెట్టేవాడంటే మా కులదైవంతో సమానం. డీజిలు ఇంజను వేయించమని ఊరంతా చెప్పినా, దానికి ఆఫీసుల చుట్టూ తిరిగి కాగితాలు మార్పించాలని, నేను కర్నూలులో గుద్దుకున్న కార్లు విప్పి అమ్మే అంగడికి పోయాను.

మా తాత నాకు నేర్పిన విద్య ఒకటే, సరుకును ఎప్పుడూ కట్టగా బేరం చేయకూడదు, విడదీసి చేయాలి. ఆ అంగడాయన పశువుల సంతల్లో తిరిగినవాడే, తువ్వాల కప్పి దాని కింద వేళ్లతో బేరం మొదలుపెట్టాడు. కంప్యూటరు, పెట్రోలు చల్లే ముక్కు, కరెంటు పంపు, వేడి చూసే పుల్ల, వీటన్నిటినీ కలిపే వైర్ల కట్ట. వైర్లు లేకుండా అయితే ఎంత అని, ధర తగ్గించమన్నట్టు నేను ఒక వేలు మడిచాను. ఆయన చకచకా వైర్లను కత్తిరించి పక్కన వేశాడు. వేడి చూసే పుల్ల పక్క అంగడిలో ఇంకో కారుది చవకగా దొరికింది. ముందే విప్పించి వెంట తెచ్చిన మా పాత కార్బురేటరును మారకం కింద ఇచ్చి ఇంకొక వేలు కూడా మడిపించి, గెలిచినవాడిలాగా తువ్వాల తీశాను.

బండి విప్పిన మేస్త్రి, మా ఇంటికి ఎప్పటినుంచో తెలిసిన సాయిబు, సామాను నేల మీద పరిచి చాలాసేపు చూశాడు. "మెదడు తెచ్చినావు శెట్టీ, ముక్కు తెచ్చినావు. నరాలు యాడప్పా?" అన్నాడు. నరాలు ఇంట్లో ఉన్నాయని చెప్పి, మా పాత నీళ్ల మోటారు వైర్లే తెచ్చి ఇచ్చాను. వద్దని రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పకుండా, ముక్కు కూర్చోవడానికి లేతు మిషను మీద ఒక బిళ్ల కోయించి, అన్నీ అతికించాడు. బండి ఒక్క తిప్పుకే అందుకుంది. చిన్నాయన బానెట్‌లోకి తొంగి చూసి, "ఏదన్నా అయితే ఈడ నేను దేన్ని పట్టుకోవల్లరా?" అని అడిగాడు. ఏమీ కాదని చెప్పాను. పాతదాన్ని పారేయొద్దని కూడా అన్నాడు. అప్పటికే ఇచ్చేశానని మాత్రం చెప్పలేదు.

శివరాత్రికి శ్రీశైలం సత్రానికి టమోటా తోలే బేరం పట్టుకొని నేను కూడా బండెక్కాను. ఆత్మకూరు దాటి అడవిలో పడ్డాక నల్లటి పొగ మొదలైంది. ఇంజను కాగిపోతున్నా, వేరే కారు పుల్లను నమ్మిన ఆ కంప్యూటరు అది చలికి వణుకుతోందనుకొని పెట్రోలు గుమ్మరించింది. తరువాత ఆ మోటారు వైర్లు కాలి ఒకదానికొకటి అంటుకొని, కంప్యూటరును కూడా తీసుకుపోయాయి. చిన్నాయన అలవాటుగా తడిగుడ్డ పట్టుకొని దిగాడు. దాన్ని ఎక్కడ వేయాలో తెలియక, దానితోనే మొహం తుడుచుకున్నాడు.

"పాతది యాడుండాదిరా? నాలుగు నట్లు బిగిస్తే బండి పోతాది."

మారకంలో పోయిందని చెప్పాను. ఆయన గుడ్డ పిండి, మడిచి, సీటు కింద పెట్టాడు. టమోటా అక్కడే ముగ్గి కుళ్లింది, నేను దాని పక్కన కూర్చున్నాను. నాకు ఏమనిపించిందని ఇప్పుడు అడిగితే, ఏమీ అనిపించలేదనే చెప్పాలి.

అటువంటి కార్బురేటరు కోసం వెతికితే దొరకలేదు. బండి ఇనుముకు పోయింది. చిన్నాయన నెలరోజులు అంగడి అరుగు మీద కూర్చొని, కమలాపురంలో ఎవరిదో లారీ తోలడానికి పోయాడు. ఏడాది తరువాత ఒకసారి వచ్చాడు, చేతిలో అరటిపండ్ల చీపు. గడప బయటే నిలబడితే మా ఇంటిది కాళ్లకు నీళ్లిచ్చింది, ఆయన కడుక్కున్నాడు. పిలిచేదాకా వంటింట్లోకి రాలేదు.

ఇప్పుడు నా కారు మొరాయిస్తే మెకానిక్ ఒక డబ్బా తగిలించి జబ్బు పేరు చదువుతాడు, అడిగినంత ఇచ్చి వస్తాను, బేరం చేయడానికి విడదీసేదేమీ ఉండదు. తడిగుడ్డ పట్టుకొని దిగే మనిషి ఏ బండిలోనూ లేడు. అప్పటి లెక్క మాత్రం ఉన్నదున్నట్టు చెప్తాను. ఖర్చు: సామాను తొమ్మిది వేలు, లేతు పని వెయ్యి, మేస్త్రి కూలి నాలుగు, టమోటా ఆరు, బండిని లాగించుకొచ్చినందుకు రెండున్నర. జమ: ఇనుముకు పద్నాలుగు వేలు, వైర్లు వద్దన్నందుకు పదిహేను వందలు, ఆ తరువాత నెలనెలా మిగిలిన ఒక మనిషి బియ్యం.